సగం తలకిందుల చుక్క

జెల్మా ఫానిన్ ముప్పై ఒక్క ఏళ్ళు సీడర్ వాగు బడిలో వంట చేసింది. ఆ చుట్టుపక్కల నలభై ఏళ్ళ లోపు మనిషి ఎవడు ఎదురుపడినా, వాడు చిన్నప్పుడు ఉడికించిన క్యారెట్లను ఏ జేబులో దాచి బయట పడేసేవాడో ఆవిడ ఇట్టే చెప్పగలదు. చెప్పదు. కానీ చెప్పగలదని అందరికీ తెలుసు. అందుకే మా కౌంటీలో షెరిఫ్ దగ్గర్నుంచి పాస్టరు దాకా ఆవిడ ముందు కాస్త ఒద్దికగానే ఉంటారు.

ఉద్యోగం మానేసిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం ఆవిడకు ఇంట్లో అస్సలు తోచలేదు. మూడు వందల మందికి వండిన చెయ్యి, ఇద్దరికి వండబోతే గిన్నె పొంగిపోయేది. మొగుడు ఓరెన్ వారం రోజులు అదే సూపు తిని, ఎనిమిదో రోజున చెంచా కింద పెట్టేశాడు.

"ఏమే, ఇంకేదైనా పెద్ద పని చూసుకో. నా కడుపు ఒక్కటే, బడి కాదు" అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వైపు బ్యారన్లకు, అంటే పొలాల్లోని పెద్ద చెక్క కొట్టాలకు, బొంతలు పెట్టే సరదా మొదలైంది. కెంటకీ కొండల్లో పొగాకు పోయింది గాని, పొగాకు ఆరబెట్టిన బ్యారన్లు మిగిలాయి, నల్లగా, బోసిగా. వాటి నుదుటి మీద, రోడ్డున పోయేవాళ్ళకు కనబడేలా, ఆ ఇంటి పాత బొంతలోని ఒక గడిని ఎనిమిదడుగుల చదరపు చెక్క మీద రంగులతో వేసి బిగిస్తారు. ఎవరి అవ్వ కుట్టిన నమూనా వాళ్ళ బ్యారన్‌కు. అది పెట్టాక, కూలిపోతుందేమోననిపించే బ్యారన్ కూడా పెళ్ళికి తయారైనదానిలా కళకళలాడుతుంది.

జెల్మా ఒకరికి వేసింది. దాన్ని చూసి ఇంకొకరు వచ్చారు. అలా తొమ్మిదేళ్ళలో ముప్పై ఎనిమిది వేసింది. ఆవిడ పద్ధతే వేరు. నీకే రంగు ఇష్టమని ఎవర్నీ అడగదు. "మీ ఇంట్లో కుట్టిందెవరు? ఆ బొంత బయటికి తియ్యండి" అంటుంది. పెట్టె అడుగునుంచి బొంత వచ్చి ఒళ్ళో పడేదాకా బ్రష్షు ముట్టదు. గుడ్డలో కళ్ళారా చూడని నమూనాను చెక్క మీద వెయ్యకూడదని ఆవిడ నియమం. రంగు ఆరాక పలకల్ని కంచెకు ఆనించి, ఓరెన్ చేత ట్రక్కు నడిపిస్తూ, గంటకు నలభై మైళ్ళ వేగంతో వాటి పక్కనుంచి పోతూ కిటికీలోంచి చూస్తుంది.

"రోడ్డు మీద జనం ఆగి చూడరయ్యా, పోతూ చూస్తారు. పోతూ చూసినప్పుడే బాగుండాలి" అంటుంది. పసుపు డల్లుగా కనబడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్కో బొంతకు ఓరెన్ పది పన్నెండు సార్లు ఆ రోడ్డంతా అటూ ఇటూ తిరిగేవాడు. ఒకసారి షెరిఫ్ ఆపి, తాగి ఉన్నాడేమోనని వాసన కూడా చూశాడు.

ఇంతమందికి వేసిన జెల్మా సొంత బ్యారన్ మాత్రం బోసిగానే ఉండేది. ఎవరైనా అడిగితే "తీరికేదీ" అనేది. అదంతా వట్టిమాట. వెయ్యాల్సిన నమూనా వాగుకు అవతల, అక్క రొవీనా ఇంట్లో, దేవదారు పెట్టెలో, తలగడ గలీబులో మడతపెట్టి ఉంది. అక్కతో మాటలు లేక పదకొండేళ్ళయింది.

వాళ్ళమ్మ పోయిన వారానికే వచ్చింది ఆ గొడవ. అమ్మ సామాన్లలో అక్కాచెల్లెళ్ళిద్దరూ కావాలనుకున్నది ఒక్కటే, ఎనిమిది మొనల చుక్కల బొంత. ముప్పై గడులు, గడికో చుక్క, ఎరుపూ ఆవపిండి రంగూ. అమ్మకు అదంటే ఎంత అపురూపమంటే, ఉతకడం, పరవడం అన్నీ తనే. ఇంకొకర్ని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. కాళ్ళ వైపు కొసను ఎప్పుడూ పరుపు కిందికి నిండా దోపి పెట్టేది. ఆ బొంతను రొవీనా చంకన పెట్టేసుకుంది.

"సగం గడులు నేనూ అమ్మా కలిసి కుట్టాం. నువ్వు దీనిలో ఒక్క కుట్టయినా వేశావటే?" అంది.

"వేశాను. ఆరేళ్ళప్పుడు ఒక గడి మొత్తం నేనే కుట్టాను. సూది గుచ్చుకోకుండా అమ్మ తన ఇత్తడి తొడుగు నా వేలికి పెట్టింది, వదులైతే లోపల గుడ్డముక్క కుక్కింది. నాకు బాగా గుర్తు" అంది జెల్మా.

"అలాగా! ఏ గడో చెప్పు మరి."

జెల్మా చెప్పలేకపోయింది. తొడుగు గుర్తుంది, గుడ్డముక్క గుర్తుంది, గడి గుర్తులేదు.

"కలగన్నావులేవే" అని, రొవీనా బొంతను విప్పనైనా విప్పకుండా పట్టుకెళ్ళిపోయింది.

బొంత పోతే పోయింది గాని, అమ్మ బొంతలో తను లేదన్న మాట మాత్రం జెల్మాకు జీర్ణం కాలేదు. అంతటితో రాకపోకలు బంద్. చర్చిలో ఒకరు కుడివైపు బల్ల, ఒకరు ఎడమవైపు బల్ల. చర్చి విందుల్లో రొవీనా తెచ్చే ఆపిల్ దొంతర కేకు వైపు జెల్మా కన్నెత్తి చూసేది కాదు. ఓరెన్ పళ్ళెంలోంచి మాత్రం తినేది. "నువ్వే ఒక ముక్క వడ్డించుకోరాదూ?" అంటే, "ఆవిడ కేకు నాకెందుకయ్యా?" అంటూ ఇంకో ముక్క విరిచేది.

ఇలాగే సాగిపోయేదే. కానీ ఆ వసంతంలో ఒక ఆదివారం రొవీనా చర్చి మెట్లు కర్ర ఊతంతో దిగడం జెల్మా కంటబడింది. ఒక్కో మెట్టుకు ఆగుతోంది. అక్కకు డెబ్బై తొమ్మిది, తనకు డెబ్బై ఒకటి. ఇంకెన్నాళ్ళు ఇలా మూతి ముడుచుకొని కూర్చుంటారు? ఇంటికి రాగానే చెక్కపలకలు బయటికి తీయించింది.

రొవీనా వరండాలో ఊగుడు కుర్చీ వేసుకుంటే నేరుగా ఎదురుగా కనబడేది జెల్మా బ్యారనే. అక్కడ అమ్మ చుక్క పెడితే, దాన్ని చూసైనా అక్క ఒక్క మాట మాట్లాడుతుందని జెల్మా ఆశ. పైకి మాత్రం "నా బ్యారన్, నా ఇష్టం" అంది. మొదటిసారి తన నియమం తనే తప్పి, గుడ్డ చూడకుండా జ్ఞాపకం మీద వేసింది. కింది సగం ఒక పలక, పై సగం ఒక పలక. ఓరెన్ రోడ్డు మీద పదిహేడు సార్లు తిరిగాడు.

మా వైపు బొంత బిగించడానికి కరెంటు వాళ్ళు మనిషిని స్తంభం ఎత్తుకు లేపే తమ బుట్ట లారీ పంపిస్తారు. డబ్బు తీసుకోరు. కడుపునిండా భోజనం పెట్టాలి, అదే ఒప్పందం. ఆగస్టు చివర్లో ఒక పొద్దున టెరిల్ అనేవాడు, జెల్మా చేతి వంట తిని పెరిగినవాడే, లారీ వేసుకొని వచ్చాడు. పై పలక బిగించేదాకా జెల్మా కిందే నిలబడి చూసింది. అంతలో పొయ్యి మీద బీన్స్ అడుగంటిన వాసన వచ్చి లోపలికి పరుగెత్తింది.

ఆ పావుగంటలోనే జరిగిపోయింది. కింది పలక వెనక ఆవిడ అంటించిన 'ఈ కొస పైకి' అన్న కాగితం మంచుకు తడిసి ఎక్కడో ఊడిపోయింది. బుట్టలో నిలబడ్డవాడికి ముక్కుకు రెండడుగుల దూరంలో ఎరుపూ పసుపూ తప్ప చుక్కేమీ కనబడదు. టెరిల్ తనకు తోచిన కొస పైకి పెట్టి, మరలన్నీ గట్టిగా బిగించేశాడు.

జెల్మా మొక్కజొన్న రొట్టె పళ్ళెంతో బయటికొచ్చి తలెత్తి చూసింది. చుక్క లేదు. పైన సగం చుక్క, దాని కింద మళ్ళీ అదే సగం చుక్క. రెండు కిరీటాలు ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టినట్టుంది.

ఓరెన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఏమే, అది అలాగే ఉండాలా?"

టెరిల్‌ను చెడామడా తిట్టడానికి జెల్మా నోరు తెరిచింది. అప్పుడే వాగు అవతల జాలీ తలుపు చప్పుడైంది. రొవీనా వరండా మెట్లు దిగి, కర్ర పొడుచుకుంటూ కంచె దాకా వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకొని బ్యారన్ వైపు చూస్తూ నిలబడింది. పదకొండేళ్ళలో ఈ వైపు అంతసేపు చూడటం అదే మొదలు. చూసి చూసి, తల అడ్డంగా మూడుసార్లు ఊపింది.

జెల్మా తెరిచిన నోరు మూసేసుకుంది.

"జెల్మమ్మా, ఎలా కుదిరింది?" అని పైనుంచి అరిచాడు టెరిల్.

"బ్రహ్మాండంగా ఉంది నాయనా, దిగి భోజనానికి రా."

"బ్రహ్మాండంగా ఉందా?" అన్నాడు ఓరెన్.

"నువ్వు నోరు మూసుకో. అక్క చూస్తోంది."

కిందికి దిగి చూసేసరికి టెరిల్‌కు రొట్టె గొంతులో అడ్డం పడింది. "అయ్యో జెల్మమ్మా, అయిదు నిమిషాల పని, ఇప్పుడే తిప్పేస్తాను" అని లేచాడు.

"ముట్టుకున్నావంటే, మూడో తరగతిలో క్యారెట్లు ఏం చేసేవాడివో మీ ఆవిడకు చెప్తాను. కూర్చో" అంది జెల్మా. అతగాడు కూర్చున్నాడు.

మర్నాడు పోస్టు తెచ్చిన హోబర్ట్ గుమ్మం దగ్గర కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. "జెల్మమ్మా, మీ అక్క ఒక మాట చెప్పమంది. ఆ చుక్క తప్పట."

పదకొండేళ్ళ తర్వాత అక్క దగ్గర్నుంచి వచ్చిన మొదటి మాట. జెల్మాకు హోబర్ట్‌ను కావలించుకోవాలనిపించింది. "నాకు గుర్తున్నది అంతే అని చెప్పు. పోల్చి చూసుకుందామంటే నా దగ్గర బొంత లేదు కదా" అంది.

ఆ మర్నాడు, "కళ్ళు కూడా లేవా అని అడగమంది" అన్నాడు హోబర్ట్.

"ఉన్నాయి, బొంత తెస్తే చూస్తాయని చెప్పు."

మూడో రోజు హోబర్ట్ సంచీ కింద పెట్టేశాడు. "అమ్మా, నాకు జీతమిచ్చేది ఉత్తరాలు మోయడానికి. ఇవి ఉత్తరాలు కావు, రాళ్ళు. మీరే విసురుకోండి, వాగు ఇరవై అడుగులు కూడా లేదు."

అవతల రొవీనాకు ఆ కిరీటాలు కంట్లో నలుసైపోయాయి. ఊగుడు కుర్చీని ఇంటి వెనక్కి మార్చుకుంది. అక్కడ కోళ్ళ గూడు తప్ప చూడ్డానికేమీ లేదు, రెండు రోజుల్లో మళ్ళీ ముందుకు తెచ్చుకుంది. దానికి తోడు, బ్యారన్ బొంతలు చూస్తూ తిరిగే జనం కార్లు ఆపి ఫొటోలు తీసుకునేది రొవీనా వాకిట్లోనే, అక్కణ్ణుంచే బాగా కనబడుతుంది కాబట్టి. సిన్సినాటి నుంచి వచ్చిన ఒకావిడ "ఎంత కొత్తగా ఉందండీ ఈ డిజైను!" అని మురిసిపోయిందట. "కొత్తా కాదు, పాడూ కాదు, తప్పు!" అని రొవీనా కర్ర నేలకేసి కొట్టిందట. ఇవన్నీ హోబర్టే చెప్పాడు. రాళ్ళు మోయనన్నాడు గాని, కబుర్లు మోయనని అనలేదు.

జెల్మాకు మాత్రం సుఖంగా ఉందా? ముప్పై ఎనిమిది బొంతల్లో ఒక్క గీత వంకర పోనివ్వని మనిషి. ఇప్పుడు పొద్దున్నే కాఫీ కప్పుతో బయటికొస్తే తన బ్యారన్ మీదే సగం తలకిందుల చుక్క. కొట్టుకెళ్తే జనం మాట మార్చేవాళ్ళు. "పాపం, జెల్మాకు వయసు మీద పడింది" అని ఎవరో అన్నారని తెలిసి, ఆ పూట తిండి తినలేదు. అక్టోబరు రెండో శనివారం మా కౌంటీ బొంతల యాత్ర, రెండు బస్సుల నిండా జనం వస్తారు. ఆలోపు అక్క వస్తే వచ్చినట్టు, లేకపోతే పలక తిప్పించేసి ఇక ఆశ వదులుకోవాలని తనకు తనే గడువు పెట్టుకుంది.

సెప్టెంబరు గడిచింది. రొవీనా కంచె దాకా వచ్చేది, కర్ర ఊపేది, వెళ్ళిపోయేది. యాత్ర ముందు గురువారం జెల్మా టెరిల్‌కు ఫోన్ చేసింది.

"రా నాయనా, తిప్పేద్దువుగాని" అంది. ఆ గొంతు విని ఓరెన్ కూడా ఏమీ ఎగతాళి చెయ్యలేదు.

టెరిల్ బుట్టలో పైకి వెళ్ళి రెండు మరలు విప్పాడు. మూడోదానికి రెంచి పెట్టబోతుంటే వాగు మీది చెక్కవంతెన పైన టక్కు టక్కుమని కర్ర చప్పుడు.

"ఒరేయ్, ఆగరా అక్కడ!"

రొవీనా. ఒక చేతిలో కర్ర, రెండో చంకలో తలగడ గలీబు. ఆయాసపడుతూ గట్టెక్కి వచ్చింది. "ముందు దీనికి చూపించాలి, తర్వాత విప్పుదువుగాని. ఇప్పుడు విప్పేస్తే, నేనేం తప్పు వెయ్యలేదని చచ్చేదాకా అంటుంది. నాకు తెలీదూ దీని సంగతి!"

ఆ గొంతు దగ్గర్నుంచి వినేసరికి జెల్మాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం మాత్రం బిగించే ఉంచింది. "చూపించు మరి. నేను వద్దన్నానా?"

ఓరెన్ పరుగున వెళ్ళి ఉతికిన దుప్పటి తెచ్చి గడ్డి మీద పరిచాడు. దాని మీద అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో కొస పట్టుకొని బొంత విప్పారు. రంగులు కాస్త వెలిశాయి గాని, చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. రొవీనా తలవైపు నిలబడి, కర్ర కొస గుడ్డకు తగలకుండా చూపిస్తూ వరసగా మొదలుపెట్టింది.

"ఇదిగో ఒకటి. ఇదిగో రెండు. మొనలు చూడు, ఎంత పొందికగా ఉన్నాయో. ఏదే నీ కిరీటం? అమ్మ ఇలాంటిది కుడుతుందా?"

"అమ్మా, అక్కడుందండీ!" అన్నాడు పైనుంచి టెరిల్.

"ఎక్కడ్రా?"

"కాళ్ళ వైపు, ఎడమ మూల. అచ్చం నేను బిగించినట్టే ఉంది."

పలకకు ముక్కు ఆనించినప్పుడు ఏమీ కనబడనివాడికి, ఇప్పుడు ఆ ఎత్తు నుంచి బొంతంతా కనబడుతోంది. రొవీనా "నీ మొహం" అంటూనే నడిచింది. అది అమ్మ ఎప్పుడూ పరుపు కిందికి దోపే మూల. వంగి చూసింది. పైన సగం చుక్క, కింద మళ్ళీ అదే సగం చుక్క. రెండు కిరీటాలు.

రొవీనా మోకాళ్ళ మీద కూర్చోబోయి తూలింది. జెల్మా మోచెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి, తనూ పక్కనే చతికిలబడింది. ఆ గడిలో కుట్లు బియ్యపు గింజలంత పొడుగ్గా, వంకరటింకరగా ఉన్నాయి. ఒకచోట దారం మూడుసార్లు ముడివేసి ఉంది. రెండు సగాలూ విడివిడిగా కుట్టుకొని, కలిపేటప్పుడు ఒకదాన్ని తిప్పడం మర్చిపోవడం, కొత్తగా సూది పట్టినవాళ్ళు చేసే తప్పు.

"ఇది అమ్మ కుట్టు కాదు" అంది రొవీనా. వేలితో తడిమింది. "నాదీ కాదు. నీకు ఆరేళ్ళున్న ఆ చలికాలం నేను పిన్ని కాన్పుకని వెళ్ళి నాలుగు నెలలు ఇంట్లో లేను."

జెల్మా అరవై అయిదేళ్ళుగా ఆ గడి చక్కగా కుట్టాననే అనుకుంటోంది. "అదిగో, అయిపోయింది, ఎంత బాగుందో!" అని అమ్మ అన్న మాటే గుర్తు. తప్పని అమ్మ ఏనాడూ అనలేదు. అమ్మకు అది విప్పి మళ్ళీ కుట్టడం అయిదు నిమిషాల పని.

"ఉన్నావే. నువ్వున్నావు దీనిలో" అంది రొవీనా, కళ్ళు తుడుచుకుంటూ. "నేనే లేదన్నాను. పదకొండేళ్ళు పెట్టెలో దాచాను గాని, ఒక్కసారి విప్పి చూశానా, బుద్ధి లేనిదాన్ని!"

"పోనీలే అక్కా. ఏ గడో నాకు మాత్రం తెలుసా?"

"కావాలనే తప్పు పెట్టావు కదూ, పైన?"

"పెట్టింది టెరిల్. ఉంచింది నేను. లేకపోతే నువ్వు వచ్చేదానివా?"

రొవీనా కాసేపు నిజాయితీగా ఆలోచించింది. "రాకపోయేదాన్ని" అంది.

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ వయసులో నేల మీద కూర్చుని నవ్వితే లేవడం కష్టం, ఓరెన్ ఒకరి తర్వాత ఒకర్ని పైకి లాగాల్సి వచ్చింది.

"అమ్మా, మరి నన్నేం చెయ్యమంటారు? తిప్పేదా, వద్దా?" అన్నాడు టెరిల్, పైన ఎండలో రెంచి పట్టుకొని.

రొవీనా కర్ర ఎత్తి చూపించింది. "ఆ మరలు మళ్ళీ బిగించరా. మా అమ్మే సరిచెయ్యలేదు, సరిచెయ్యడానికి నువ్వెవడివిరా?"

ఆ పూట రొవీనా అక్కడే తిన్నది. బీన్స్‌లో ఉప్పెక్కువైందని రెండుసార్లు అని, మూడుసార్లు వడ్డించుకుంది.

శనివారం బొంతల యాత్ర బస్సులు రొవీనా వాకిట్లో ఆగాయి. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన బ్యారన్ వైపు తేరిపార చూసి, వరండా దగ్గరికొచ్చి, "అమ్మా, చెప్పొచ్చో లేదో గాని, ఆ కింది సగం తలకిందులుగా ఉంది" అన్నాడు.

రొవీనా ఊగుడు కుర్చీ ఆపింది.

"తెలుసు బాబూ," అంది. "అది మా చెల్లెలు కుట్టింది. అప్పుడు దానికి ఆరేళ్ళు."